షట్టర్ పలికే ధర

ఒకే కెమెరా, ఒకే మోడల్. ఆన్‌లైన్‌లో ఒకాయన 4,000 రూపాయలకు పెట్టాడు. ఇంకొకాయన 18,000 చెబుతున్నాడు. రెండూ పెంటాక్స్ కె1000లే. ఫొటోల్లో చూస్తే రెండింటికీ అదే నల్లతోలు, అదే వెండి మెరుపు. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కాకపోవచ్చు. 4,000 కెమెరా ఇంటికొచ్చాక రిపేర్ల కింద మరో పదివేలు మింగి, అప్పటికీ దారికి రాకపోవచ్చు. 18,000 కెమెరా ఏళ్ల తరబడి మాట పడకుండా పనిచేయొచ్చు. దీనికి పూర్తిగా తిరగబడి కూడా జరగొచ్చు. ఫొటో చూసి, ధర చూసి ఏదీ చెప్పలేం.

పదిహేనేళ్ల కిందట ఈ చిక్కు ఎవరికీ లేదు. డిజిటల్ వచ్చాక మన ఊళ్లలోని స్టూడియోలు ఫిల్మ్ కెమెరాలను అటకెక్కించాయి. కొన్ని పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కాయి. 2012 జనవరిలో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీయే దివాలా కోర్టు గడప తొక్కింది. ఇక రీలు కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. ముగియలేదు. ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్‌ను కొడాక్ 2018లో మళ్లీ బయటకు తెచ్చింది. 2024లో ‘పెంటాక్స్ 17’ పేరుతో సరికొత్త ఫిల్మ్ కెమెరానే విడుదలైంది. హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో పాతికేళ్లు నిండని పిల్లలు తాతల నాటి కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. అయితే కొత్తగా తయారయ్యేవి చాలా తక్కువ. గిరాకీ అంతా ముప్ఫై, నలభై, యాభై ఏళ్ల కిందటి కెమెరాల మీదే పడింది. అవి ఇక పుట్టవు. ఏటా కొన్ని చెడిపోయి, ఉన్నవి తగ్గుతుంటాయి. ధర పెరగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

బంగారం ధర రోజూ పేపర్లో వస్తుంది. ఫోను డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది. పాత కెమెరాకు ఈ రెండూ లేవు. అమ్మేవాడి నోటిమాట, కొనేవాడి మోజు కలిస్తే అదే ధర. ఆ మోజుకు కళ్లెం వేయాలంటే మన దగ్గర మన లెక్క ఒకటి ఉండాలి.

పై నుంచి కిందికి

మామూలుగా అందరూ అమ్మేవాడు చెప్పిన అంకె పట్టుకుని, అక్కడినుంచి వెయ్యో రెండువేలో తగ్గించమని బేరమాడతారు. మొదటి అంకెకే ఆధారం లేనప్పుడు, తగ్గించిన అంకెకు ఆధారం ఎక్కడినుంచి వస్తుంది? నేను ముందు కనుక్కునేది వేరు. అదే మోడల్‌ను పూర్తిగా సర్వీసు చేసి, కొన్ని నెలల గ్యారంటీ ఇచ్చి, బిల్లు రాసి అమ్మేవాళ్లు ఎంతకు ఇస్తున్నారు? అది పై అంకె. అంతకుమించి ఇవ్వడానికి కారణమే లేదు. అక్కడినుంచి ఒక్కో మెట్టూ దిగుతూ రావాలి.

ఉదాహరణకు, అలాంటి కె1000, 50 ఎంఎం లెన్సుతో 15,000 ఉందనుకుందాం. మీ చేతిలో ఉన్న కెమెరాలో సెకను, అరసెకను వేగాలు ఈడుస్తున్నాయి. విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, వేగాలు సరిచేయాలి. ఈ పనిని మెకానిక్‌లు సీఎల్ఏ అంటారు. దానికి 3,000 తీసేయండి. వెనక తలుపు సందుల్లో ఉండే స్పాంజి పొడిగా రాలుతోంది. దానికి 500. ఇప్పుడు 11,500 దగ్గర ఉన్నాం. ఇవి కంటికి కనిపించినవి. విప్పితే ఇంకేం బయటపడుతుందో తెలియదు, గ్యారంటీ ఇచ్చేవాడూ లేడు. ఆ రిస్కు మీరు భరిస్తున్నారు కాబట్టి దానికో 1,500. మిగిలింది 10,000. అమ్మేవాడు 12,000 అడిగితే మీ మాట 10,000. ఆయన 9,000 అడిగితే ఇంకేం మాట్లాడక డబ్బు చేతిలో పెట్టండి. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. మీ ఊళ్లో, మీరు కొనేనాటికి ఉన్న అంకెలు పెట్టుకోండి, దిగే మెట్లు మాత్రం ఇవే.

పై అంకె కనుక్కునేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఆన్‌లైన్‌లో కనిపించేవి ఎక్కువగా అడిగే ధరలు. అడగడానికి ఖర్చేముంది? ఆర్నెల్లుగా అమ్ముడుపోని కెమెరాకూ ఒక ధర అక్కడ వేలాడుతూనే ఉంటుంది. చూడాల్సింది అమ్ముడుపోయినవాటి ధర. వేలం సైట్లలో ‘అమ్ముడైనవి’ అని విడిగా వడకట్టుకునే వీలుంది. నిజంగా డబ్బు చేతులు మారిన అంకెలు అక్కడ దొరుకుతాయి.

ఇక సర్వీసు ఖర్చు ఎవరు చెప్పాలి? మెకానిక్. కెమెరా చూడటానికి వెళ్లేముందే ఆయనకు ఫోను చేయాలి. “ఈ మోడల్ విప్పుతారా? ఎంతవుతుంది? ఎన్నాళ్లు పడుతుంది?” ఈ మూడు మాటలు అడగండి. ఒకప్పుడు ప్రతి పెద్ద ఊళ్లో కెమెరా మెకానిక్ ఉండేవాడు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెతుక్కోవాలి. ఉన్నవాళ్లలో చాలామంది పెద్ద వయసువాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు అరుదు. నాకు ఈ వ్యవహారం మొత్తంలో దిగులు కలిగించేది ఇదే. కెమెరా ధర పెరుగుతోందని బాధపడేవాళ్లు, దాన్ని బతికించే మనిషికి ఇచ్చే కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడతారు. ఆయన చెప్పిన రుసుము పూర్తిగా ఇవ్వండి. బేరమంతా అమ్మేవాడి దగ్గర పూర్తిచేసుకు రండి. మీరు అడిగిన మోడల్‌ను ఏ మెకానిక్కూ ముట్టనంటే, ఆ కెమెరాకు షోకేసులో పెట్టుకునే బొమ్మ ధరే ఇవ్వాలి.

‘టెస్ట్ చేయలేదు’

అమ్మకపు ప్రకటనల్లో తరచూ కనిపించే వాక్యం ఇది: “బ్యాటరీ లేదు, అందుకే టెస్ట్ చేయలేదు.” కె1000కు వేసేది ఎల్ఆర్44 అనే బొత్తాం బ్యాటరీ. వాచీలు బాగుచేసే ఏ కొట్లోనైనా కాఫీ డబ్బులకు దొరుకుతుంది. పైగా అది లోపలి లైట్ మీటర్‌కే కావాలి. షట్టర్ నడవడానికి బ్యాటరీతో పనే లేదు. అంత చిన్న బ్యాటరీ వేసి మీటర్ ముల్లు కదులుతోందని చూపిస్తే తన సరుకు ధర వేలల్లో పెరుగుతుందని తెలిసి కూడా అమ్మేవాడు ఆ పని చేయలేదంటే, ఎక్కువసార్లు దాని అర్థం చేసి చూశాడనే.

1970లో జార్జ్ ఎకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల అమ్మకాల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. సరుకు లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు భయపడి తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి సరుకున్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెత్తే మిగులుతుంది. 2001లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతికి మూలం ఈ ఆలోచనే. పాత కెమెరాల బజారులో ‘టెస్ట్ చేయలేదు’ అన్న మూలకు ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అలాంటి కెమెరాను పనిచేయనిదానిగానే లెక్కగట్టండి. పనిచేస్తే అదృష్టం. ఆ అదృష్టానికి ముందే డబ్బు కట్టకండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, పురానాపూల్ దగ్గర గురువారం జుమేరాత్ బజార్‌లోనో పాత సామాన్ల నడుమ కెమెరా కనిపిస్తే నా లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. అక్కడ పోతే పోనీ అనుకునేంత డబ్బే పెట్టాలి. జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లు ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) వంటి మాటలు చూసి ఆగిపోకుండా కింద చిన్న అక్షరాల్లో లెన్స్ గురించి ఏం రాశారో చదవాలి. కొరియర్ ఛార్జీ, కస్టమ్స్ సుంకం కలిపాక చేతికొచ్చే ధర ఎంతో ముందే కాగితం మీద వేసుకోవాలి. అక్కడ చవగ్గా కనిపించింది ఇల్లు చేరేసరికి ఇక్కడి ధరను దాటిపోవడం మామూలే.

చెవికి, కంటికి పని

కెమెరా చేతికి రాగానే అందరూ ముందు లెన్స్‌లోకి చూస్తారు. నేను ముందు షట్టర్ వింటాను. వేగాన్ని సెకనుకు తిప్పి, లివర్ లాగి, బటన్ నొక్కండి. లోపల చిన్న పళ్లచక్రాల వరుస ఒకటి ‘జ్‌ర్ర్’మని సమంగా తిరిగి టక్కున ఆగాలి. మధ్యలో ఆ చప్పుడు మందగించి, ఆగి, మళ్లీ లేచిందంటే పాతనూనె బంకగా మారిందన్నమాట. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన కెమెరాల్లో చాలావాటికి వచ్చే జబ్బు ఇది. సెకను, అరసెకను, పావుసెకను, 1/8 అన్నీ వరసగా వినండి. ప్రతి మెట్టుకూ చప్పుడు నిడివి సుమారుగా సగానికి తగ్గాలి.

చెవి మీద నమ్మకం లేకపోతే జేబులో ఫోను ఉంది. చాలా ఫోన్లలో ఇప్పుడు సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీయొచ్చు. కెమెరా వెనక తలుపు తెరిచి, లెన్స్‌ను కిటికీ వైపు తిప్పి, షట్టర్ పడుతున్నప్పుడు వెనకనుంచి వీడియో తీయండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ వెలుగు ఎన్ని ఫ్రేముల్లో కనిపించిందో లెక్కపెట్టండి. అరసెకనుకు 120 రావాలి, 1/30కి ఎనిమిది. కొంచెం అటూఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. కాస్త వెలుగెక్కువైనా కలర్ నెగెటివ్ భరిస్తుంది. స్లైడ్ ఫిల్మ్ వాడేవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

పెద్ద వేగాలకు ఫోను చాలదు. 1/1000 పెట్టి, తెల్లటి ఆకాశం వైపు చూస్తూ నొక్కండి. కంటికి తగిలే ఆ మెరుపు ఫ్రేము ఈ అంచునుంచి ఆ అంచు దాకా పరుచుకోవాలి. ఒక పక్క చీకటిగా ఉందంటే షట్టర్‌లోని రెండు తెరల్లో ఒకటి ఇంకొకదాన్ని దారిలోనే అందుకుంటోంది. ఫొటోలో ఆ పక్క నల్లగా వస్తుంది. గుడ్డ తెరలున్న కెమెరాలకు ఇంకొక పరీక్ష ఉంది. చీకటి గదిలో లెన్స్ తీసి, అద్దం అడ్డొస్తే మెల్లగా పైకెత్తి, తెర మీద టార్చి వేసి, వెనకనుంచి చూడండి. చుక్కలా వెలుగు కనిపిస్తే అది చిల్లు. ప్రతి ఫొటోలోనూ ఆ చుక్క ఉంటుంది.

ఇప్పుడు లెన్స్. ముందు గాజు మీద గీత చూసి వెనకడుగు వేసేవాళ్లు ఎక్కువ. నిజానికి ముందువైపు సన్నగీత ఫొటోలో కనిపించడం అరుదు. వెనకవైపు గాజు మీద గీత ఎక్కువ చెరుపు చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది బూజు. లెన్స్‌ను పూర్తిగా తెరిచి, ఒక పక్కనుంచి ఫోను టార్చి ఏటవాలుగా వేస్తే లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తాయి. మన తీరప్రాంతం గాలిలో తేమ దానికి అన్నం పెడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తోలుకేసులో బిగించి బీరువాలో దాచిన కెమెరా అంటే నేను రెండుసార్లు చూస్తాను. తోలుకేసు కెమెరాను కాపాడుతుందని నమ్మి దాచినవాళ్లే ఎక్కువ. ఆ తోలే తేమను పట్టి ఉంచుతుంది. బూజు మొదటి దశలో ఉంటే తుడిస్తే పోతుంది. ముదిరితే గాజు మీద పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. కె1000లాంటి లెన్స్ మార్చుకునే కెమెరాకైతే లెన్స్ ధర ఒక్కటే తీసేయండి, ఇంకొకటి దొరుకుతుంది. లెన్స్ ఊడని యాషికా ఎలక్ట్రో 35లాంటిదైతే మొత్తం కెమెరా ధరలోంచే కోత పెట్టాలి.

స్పాంజి గురించి భయం వద్దు. కొన్నిటిలో అది తారులా జిగురుగా మారి చేతికి అంటుకుంటుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ, ఓపికుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఒలింపస్ ఓఎం-1 లాంటి వాటిలో మాత్రం ప్రిజం పక్కన పెట్టిన స్పాంజి కరిగి ప్రిజం వెండిపూతను తింటుంది. వ్యూఫైండర్‌లో నల్లటి మరకలు కనిపిస్తే అది వేరే ఖర్చు. చూడ్డానికి ఘోరంగా ఉన్న చవక రిపేరు చూపించి ధర తగ్గించుకోవచ్చు. చూడ్డానికి బాగున్న ఖరీదైన రిపేరే మనల్ని ముంచుతుంది.

మాస్టారి యాషికా

గోదావరి జిల్లాలో ఒక పట్టణం. స్టూడియో మూసేసి చాలా ఏళ్లయిన ఒక ఫొటోగ్రాఫర్ ఇంటికి వెళ్లాను. ఊళ్లో అందరూ ఆయన్ను మాస్టారనే పిలుస్తారు. ఆయన టేబుల్ మీద పెట్టింది యాషికా మ్యాట్ 124జి. పైనుంచి తలవంచి చూసే, రెండు లెన్సుల కెమెరా. 1970లో వచ్చింది, 1980ల నడుమ దాకా తయారైంది. మన పెళ్లిళ్లలో వధూవరులను, వెనక నిలబడిన చుట్టాలనూ ఒక తరం పాటు ఇలాంటి కెమెరాలే చూశాయి. 120 రోలు వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వస్తాయి.

“ఇది నా పెళ్లిళ్ల కెమెరా బాబూ” అన్నారు.

“ఎన్ని పెళ్లిళ్లు తీసుంటారు మాస్టారూ?”

“లెక్కెవడు పెట్టాడయ్యా! మాఘమాసం వస్తే అన్నం తినే తీరిక ఉండేది కాదు.”

అంచుల్లో నల్లరంగు పోయి కింద లోహం కనిపిస్తోంది. చేయి పట్టుకునే చోట తోలు నున్నబడింది. పక్కనున్న మడత పిడిని ఆయన ముందుకు ఒక చుట్టు తిప్పి, వెనక్కి తెచ్చారు. ఎక్కడా పట్టలేదు, జారలేదు. ఈ కెమెరాలో ముందు అరిగేది అదే. ఆ ఒక్క కదలికలోనే రీలు జరుగుతుంది, షట్టర్ కూడా బిగుస్తుంది. దాన్ని పట్టి పట్టి తిప్పినా, బలవంతం చేసినా లోపలి పళ్లు అరుగుతాయి. మాస్టారి చేయి అన్నేళ్లూ దాన్ని మెత్తగా తిప్పింది.

నేను అడగకముందే ఆయనే చెప్పారు. “చిన్న వేగాలు నిద్రపోతాయి బాబూ. నాలుగుసార్లు కొడితే లేస్తాయి. మీటర్ పోయి చాలాకాలమైంది. నాకు మీటర్ ఎప్పుడూ అక్కర్లేదనుకో.”

ఈ మాటల విలువ నాకు తెలుసు. లోపం తానే చెప్పిన అమ్మకందారు దగ్గర రిస్కు కోసం వేసుకునే కోత బాగా తగ్గిపోతుంది. మిగతా విషయాల్లో ఆయన మాట నమ్మొచ్చు. లెన్స్‌లో బూజు లేదు. ఎందుకంటే ఆయన దాన్ని కేసులో దాచలేదు, అప్పుడప్పుడు బయటకు తీసి తుడుస్తూ, ఉత్తినే తిప్పుతూ ఉన్నారు. రంగుపోయి, వాడి వాడి నున్నబడిన కెమెరా, ముప్ఫై ఏళ్లు డబ్బాలోంచి బయటకు రాని మెరిసే కెమెరా కంటే మేలన్నది నా గట్టి నమ్మకం. షట్టర్‌కు వ్యాయామం కావాలి.

ఆయన 6,000 అడిగారు. సర్వీసు ఖర్చు తీసేసినా నా లెక్క 9,000 దగ్గర ఆగింది. ఆ మాటే చెప్పాను. ఈ మధ్య ధరలు ఎలా ఉన్నాయో ఫోన్లో చూపించాను. ఆయన కాసేపు నమ్మలేదు. చివరికి, “మధ్యలో ఆగుదాం, నాకూ మనసు ఒప్పుకోవాలిగా” అన్నారు. 7,500 దగ్గర ఆగాం. వాడే విధానం గురించి ఆయన గంటసేపు చెప్పింది ధరలో లెక్కకు రాలేదు.

ఇలాంటి ఇళ్లలో కెమెరా అమ్మేది కొన్నిసార్లు ఫొటోగ్రాఫర్ కాదు, ఆయన పోయాక భార్యో కోడలో. వాళ్లకు ధర తెలియదు. తెలియనివాళ్ల దగ్గర వెయ్యి రూపాయలకు కొట్టేసి, ఊరు దాటగానే పదివేలకు పెట్టేవాళ్లు ఉన్నారు. దాన్ని వ్యాపార తెలివి అంటే నేను ఒప్పుకోను. లెక్క కొనేవాడికి తెలిసినప్పుడు, ఆ లెక్క టేబుల్ మీద పెట్టి చూపడం కొనేవాడి పని.

బ్యాటరీ లేకుండా బతికేవి, బతకనివి

1972లో వచ్చిన ఒలింపస్ ఓఎం-1 మీటర్ పాదరసం బ్యాటరీ మీద నడిచేది. వోల్టేజి 1.35. పాదరసం విషం కాబట్టి అమెరికా 1996లో ఆ బ్యాటరీల అమ్మకాన్ని నిషేధించింది, ఆపై ఎక్కడా దొరక్కుండా పోయాయి. ఇప్పుడు దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే చాలా కెమెరాల్లో మీటర్ తప్పు చెబుతుంది. చెవి మిషన్లలో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ దాదాపు సరిపోతుంది, కాకపోతే కొద్ది వారాల్లో అయిపోతుంది. ఇంత చెప్పినా, ఓఎం-1లో గానీ కె1000లో గానీ మీటర్ చచ్చిపోతే ధరలో పెద్ద కోత పెట్టక్కర్లేదు. షట్టర్ పూర్తిగా మెకానికల్. ఎండలో f/16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓకు దగ్గరగా ఉంచితే ఫొటో వస్తుంది. 200 ఐఎస్ఓ రోలు అయితే 1/250. మన ఎండలకు ఈ పాతసూత్రం భేషుగ్గా పనిచేస్తుంది. లేదంటే ఫోన్లో మీటర్ యాప్ ఉంది.

1976లో వచ్చిన కెనన్ ఏఈ-1 కథ వేరు. బ్యాటరీ లేకపోతే దాని షట్టర్ అసలు కదలదు. లోపలి సర్క్యూట్ పోతే కెమెరా మొత్తం పోయినట్టే. లివర్ లాగి నొక్కినప్పుడు కీచుమని దగ్గుతుంటే మాత్రం హడలిపోవద్దు. అద్దం పక్కనున్న పళ్లచక్రాలకు నూనె ఎండిపోవడం వల్ల వచ్చే చప్పుడది. తెలిసిన మెకానిక్‌కు చిన్నపని.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది 1990ల నాటి చిన్న ఎలక్ట్రానిక్ కెమెరాల దగ్గర. కాంటాక్స్ టి2 మంచి కెమెరా. టైటానియం ఒళ్లు, జైస్ లెన్స్. 2017లో అమెరికాలో ఒక టీవీ షోలో మోడల్ కెండల్ జెన్నర్ దాన్ని చేతిలో పట్టుకుని కనిపించింది. ఆపై దాని ధర ఆకాశానికెక్కింది. తయారుచేసిన క్యోసెరా సంస్థ కాంటాక్స్ కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకున్నది 2005లోనే. విడిభాగాలు చేసేవాళ్లు లేరు. పోయిన ఇంకో టి2లోంచి పీకి వేయాల్సిందే. లక్షకు అటూఇటూ ధర పలికే వస్తువు ఒకరోజు పొద్దున ఆన్ కాకపోతే చేయగలిగింది పెద్దగా లేదు. నేనైతే అంత డబ్బు అక్కడ పెట్టను.

పేరుకు కట్టే పన్ను

కె1000 కెమెరా 1976 నుంచి 1997 దాకా తయారైంది. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల కెమెరాగా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. దానికంటే ముందు వచ్చిన పెంటాక్స్ కెఎం అనే కెమెరాలోంచి సెల్ఫ్ టైమర్‌ను, ఫోకస్ లోతు చూసే మీటను తీసేసి, చవక చేసి తెచ్చినదే కె1000. అంటే కెఎం అన్నలాంటిది, సదుపాయాలూ ఎక్కువే. అయినా కె1000కు ఉన్న పేరు దానికి లేదు. అదే స్థితిలో ఉన్న కెఎం అంతే ధరకో, ఇంకా తక్కువకో దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. నికాన్‌లో ఎఫ్ఎం2 పేరు గొప్పది. 1982లో వచ్చినప్పుడు 1/4000 వేగంతో ఆశ్చర్యపరిచింది. ఆ ధర పెట్టలేనివాళ్లు ఎఫ్ఎం10 చూడొచ్చు. నికాన్ పేరుతో 1995 నుంచి వచ్చిన ఈ కెమెరాను తయారుచేసింది కొసినా కంపెనీ. ప్లాస్టిక్ ఒళ్లు, పడితే పగులుతుంది. కానీ వయసులో చిన్నది. నూనె ఇంకా ఎండి ఉండకపోవచ్చు. మన ఫొటోగ్రఫీ కాలేజీల పిల్లలు వాడి వదిలేసినవి ఇప్పటికీ బయటకు వస్తుంటాయి.

పేరుకు పరాకాష్ఠ లైకా. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో జరిగిన వేలంలో లైకా జీరో సిరీస్ 105వ నంబరు కెమెరా, రుసుములతో కలిపి కోటీ 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అది లైకాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సొంత కెమెరా. ఆ డబ్బు చరిత్రకు కట్టినది. ఫొటోలు తీసే లెక్కకు దానితో సంబంధం లేదు. మనకు సంబంధం ఉన్నది దాని నీడలో నడిచే నకిలీ వ్యాపారం. సోవియట్ కాలంలో లైకా నమూనాతో తయారైన ఫెడ్, జోర్కి కెమెరాలకు బంగారు పూత వేసి, లైకా అని చెక్కి, నాజీ గుర్తులు కూడా కొట్టి అమ్ముతుంటారు. లెన్స్ తిప్పి తీసి, పైవైపు లోపల లెన్స్‌ను తాకే చిన్న భాగాన్ని చూడండి. అసలు లైకాలో అది గుండ్రటి చక్రం. ఫెడ్, జోర్కిల్లో ఏటవాలుగా కోసిన ముక్క. జోర్కి చెడ్డ కెమెరా కాదు. జోర్కి ధరకు జోర్కి కొనుక్కోండి.

రోలు లెక్క

కెమెరా ధర ఒకసారి ఇచ్చేది. రోలు ధర ప్రతిసారీ ఇచ్చేది. 36 ఫొటోల కలర్ రోలుకు వెయ్యి, కడిగించి స్కాన్ చేయించడానికి 500 వేసుకుందాం. నొక్కిన ప్రతిసారీ 40 రూపాయలు దాటుతోంది. మాస్టారి యాషికాలో పన్నెండే కాబట్టి అవే ఖర్చులకు ఫొటో 125. నెలకో రోలు తీస్తే ఏడాదికి 18,000. ఒక ఏడాదిలో రీళ్లు కెమెరా ధరను దాటేస్తాయి.

ఈ లెక్క చూశాక, సర్వీసు చేసిన కెమెరాకు 3,000 ఎక్కువ ఇవ్వాలా వద్దా అన్న మీమాంస ఉండకూడదు. 3,000 అంటే రెండు రోళ్లు. చిల్లుపడిన తెర, పట్టేసిన షట్టర్ రెండు రోళ్లను పాడుచేయడానికి రెండు ఆదివారాలు చాలు. వాటిలో పాపాయి మొదటి పుట్టినరోజు ఉంటే దానికి ధర కట్టేదెవరు? నెలకో రోలు తీసే ఉద్దేశం లేనివాళ్లు మాత్రం 18,000 కెమెరా జోలికి పోనక్కర్లేదు. ఎఫ్ఎం10తో, అదీ కాకపోతే వడోదరలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ త్రీతో మొదలుపెట్టొచ్చు. అది 120 రోలు తీసుకుంటుంది, ఆ రోలు ఇప్పటికీ దొరుకుతుంది.

రోలు దొరుకుతుందా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఫ్యూజీ కంపెనీ 2016లో ఎఫ్‌పి-100సి అనే ఇన్‌స్టంట్ ఫిల్మ్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, ఆ ఫిల్మ్ వాడే పాత పోలరాయిడ్ కెమెరాలు నిక్షేపంలా పనిచేస్తూనే పనికిరానివైపోయాయి. ఏపీఎస్ ఫిల్మ్ 2011లో ఆగింది. పాత కొడాక్ బాక్స్ కెమెరాల్లో కొన్నిటికి 620 రోలు కావాలి. అది 120 రోలే, చుట్టే పుల్ల సన్నం. చీకట్లో మార్చి చుట్టుకునే ఓపిక ఉంటేనే కొనండి. సోవియట్ కాలపు జెనిట్ కెమెరాలైతే తిరకాసు ఇంకోవైపు ఉంది. వాటితో వచ్చే హీలియోస్ 58 ఎంఎం లెన్స్‌ను డిజిటల్ కెమెరాలకు బిగించుకునేవాళ్లు ఎగబడుతున్నారు. అందుకని లెన్స్ ఉందా, విడిగా అమ్మేశారా అన్నది ముందు అడగాలి. లెన్స్ లేని జెనిట్‌కు పెద్దగా ఏమీ ఇవ్వక్కర్లేదు.

అటక మీద ఉన్నవాళ్లకు

ఇదంతా కొనేవాళ్లకు. ఇంట్లో నాన్నగారి కెమెరా ఉండి, అమ్మేయాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తుడవాలని లోపల దేన్నీ గెలకకండి. ముఖ్యంగా షట్టర్ తెరను వేలితో తాకొద్దు. పాత సెల్ఫ్ టైమర్ మీట తిప్పొద్దు, సగంలో పట్టేస్తే షట్టర్ కూడా ఆగిపోతుంది. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము ఉంటే దాచకుండా ఫొటో తీసి చూపండి. ఒక బ్యాటరీ కొని వేసి, అన్ని వేగాల్లో షట్టర్ పడుతున్న వీడియో తీసి పెట్టండి. ‘టెస్ట్ చేయలేదు’ గుంపులోంచి మీ కెమెరా బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు, లోపల రీలు ఉందేమో చూడండి. 35 ఎంఎం కెమెరా అయితే ఎడమపక్క రీవైండ్ గుండీని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. వదులుగా తిరిగితే ఖాళీ. బరువుగా పట్టినట్టుంటే రీలు ఉంది. అప్పుడు వెనక తలుపు తెరవొద్దు. అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి పట్టి, వదులయ్యేదాకా వెనక్కి చుట్టేయండి. 120 రోలు కెమెరాకు వెనక ఎర్ర కిటికీ ఉంటే అందులో అంకె కనిపిస్తుంది. చివరిదాకా ముందుకు చుట్టి, నీడలో తీయండి. పాతికేళ్ల కిందటి కలర్ రీలైనా బ్లాక్ అండ్ వైట్ రసాయనాల్లో కడిగితే చాలాసార్లు ఎంతో కొంత బొమ్మ వస్తుంది. ఆ పని చేసేవాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో, బెంగళూరులో ఉన్నారు. ఏ ఏడాది రీలు అయుంటుందో, ఏ కంపెనీదో, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారో చెబితే ఎంతసేపు కడగాలో వాళ్లు చూసుకుంటారు. కెమెరాకు బేరం కుదిరినా ఆ రీలు మాత్రం తీసి మీ దగ్గరే ఉంచుకుని, ముందు దాన్ని కడిగించండి.